రేపు అప్పజెప్పాల్సిన పాఠం

జులై 9

ఇది నిరుటి పాఠ్యప్రణాళిక పుస్తకం. సగం రాసి వదిలేశాను. పాఠం, పరికరాలు, ఇంటిపని అని గళ్ళు కొట్టి ఉన్నాయి. హెడ్మాస్టరు ముందు పేజీలే చూస్తాడు కాబట్టి వెనక పేజీలు నావి. ఎవరూ చదవరు. మా ఆవిడ మా బళ్ళోనే ఆఫీసు గుమాస్తా, పొద్దస్తమానం కాగితాలతో కుస్తీ పడుతుంది. ఇంటికొచ్చాక కాగితం ముక్క కనిపిస్తే మొహం తిప్పుకుంటుంది.

పాఠం: నేల పొరలు, ఏడో తరగతి.

పరికరాలు: గాజు సీసాలో మట్టి, నీళ్ళు. ఊపి పెడితే పొరలుగా పేరుకోవాలి. పేరుకునేలోపు గంట కొట్టేశారు.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళాను. అక్కకి మూత్రపిండాలు రెండూ పనిచెయ్యడం మానేశాయని డాక్టరు తేల్చి చెప్పాడు. ఇకమీదట వారానికి మూడుసార్లు యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకోవాలట. లేదా అయినవాళ్ళెవరైనా ఒక మూత్రపిండం ఇవ్వాలట. నేను, బావ బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డాం. అక్క మాత్రం, "ముప్ఫై అయిదేళ్ళ నుంచి కుట్టుమిషను ముందు కూర్చుంటున్నా. ఇంకో మిషను ముందు కూర్చోలేనా ఏంటి, పదండి" అని చెప్పులు వేసుకుంది.

జులై 11

పాఠం: విసర్జక వ్యవస్థ, ఎనిమిదో తరగతి. కావాలని పెట్టుకున్నది కాదు, వరసలో వచ్చింది.

పరికరాలు: పెద్దాయన.

పెద్దాయన అంటే మా ప్రయోగశాలలో ఉండే ప్లాస్టిక్ మనిషి. కాళ్ళూ చేతులూ లేవు, పొట్ట తలుపులా ఊడి వస్తుంది. లోపలివన్నీ ఒక్కొక్కటే తీసి మళ్ళీ పెట్టొచ్చు. నేను ఏ తరగతికి వెళ్ళినా చంకన పెట్టుకుని వెళ్తాను కాబట్టి పిల్లలు నన్ను బొమ్మ సార్ అంటారు. నా వెనకాల అంటున్నామనుకుంటారు, పిచ్చి సన్నాసులు.

పదకొండేళ్ళ కింద పెద్దాయన ఎడమ మూత్రపిండం పోయింది. వెతకని చోటు లేదు. చివరికి అక్క దగ్గరికి వెళ్ళి ఏడుపు మొహం పెడితే, ఎవరిదో జాకెట్టు కుట్టగా మిగిలిన ముదురు ఎరుపు మఖమలు గుడ్డతో, లోపల దూది కూరి, ఒకటి కుట్టి ఇచ్చింది. కుడిదాన్ని ముందు పెట్టుకుని కొలతలు తీసి మరీ కుట్టింది. అతికినట్టు సరిపోయింది. అప్పటినుంచి పిల్లలందరికీ అదే ఇష్టం, చేతికి మెత్తగా ఉంటుందని.

ఇవాళ ప్రశ్నల పిల్ల లేచింది. మొదటి బెంచీలో కూర్చుంటుంది. ఊపిరి తీసుకున్నంతసేపు కూడా ఆగకుండా ప్రశ్నలడుగుతుంది. "సార్, ఒకటి తీసేసినా మనిషి బతుకుతాడా?" అంది.

"హాయిగా బతుకుతాడు. రెండోది కాస్త పెరిగి రెండింటి పనీ చేసుకుంటుంది" అన్నాను.

ఏటా చెప్పే జవాబే. ఇవాళ చెబుతూ పెద్దాయన పొట్ట గబగబా మూసేశాను.

జులై 15

బావకి పరీక్షలు చేశారు. బావ తాళాలు బాగుచేస్తాడు, లోకంలో ఉన్న ప్రతిదానికీ తాళం భాషే వాడతాడు. "నా తాళంచెవి పనికిరాదట, తుప్పు పట్టిందట" అన్నాడు. చక్కెర జబ్బు ఉంది కదా. నవ్వుతూనే అన్నాడు గానీ, తర్వాత కొట్లోకెళ్ళి బాగానే ఉన్న తాళాన్నొకదాన్ని విప్పి ముక్కలు ముక్కలు చేసి కూర్చున్నాడు.

అక్కకి పిల్లల్లేరు. అమ్మ పోయినప్పుడు తనకి పదిహేను, నాకు ఆరు. నాన్న ఊళ్ళు పట్టుకు తిరిగే ఉద్యోగం. నన్ను పెంచింది అక్కే.

ఇక మిగిలింది నేను. ఆ ముక్క ఎవరూ అనలేదు. అక్క అసలు నా వైపే చూడలేదు, కిటికీ తెర సర్దుకుంటూ కూర్చుంది.

జులై 17

సోమవారం వెళ్ళి పరీక్ష చేయించుకుంటాను. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

జులై 21

ఇవాళ సోమవారం. యూనిట్ పరీక్షలు పెట్టారు. వచ్చే సోమవారం.

జులై 28

జవాబు పత్రాలు దిద్దాలి. నూట ముప్ఫై ఆరు. "మూత్రపిండాలు ఎక్కడ ఉంటాయి?" అన్న ప్రశ్నకి ఒకడు "ప్రయోగశాల బీరువాలో" అని రాశాడు. అర మార్కు వేశాను.

ఆగస్టు 2

అక్క దగ్గరికి వెళ్ళాను. ముందు గది కుట్టు కొట్టు, వెనక గది ఇల్లు. పాదాలు వాచి ఉన్నాయి. అయినా మిషను తొక్కుతూనే ఉంది. నేను వెళ్ళేసరికి ఎవరివో బడి చొక్కాలకి గుండీలు కుడుతోంది.

చిన్నప్పుడు ఆ మిషను పక్కనే పీట వేసుకుని పాఠాలు అప్పజెప్పేవాణ్ణి. పుస్తకం ఆమె ఒళ్ళో ఉండేది, కళ్ళు మాత్రం కుట్టు మీద ఉండేవి. అయినా ఒక్క మాట తప్పితే చాలు, మిషను ఆగేది. తిట్టేది కాదు, కొట్టేది కాదు. "సరేలే, మిగతాది రేపు చెబుదువుగాని" అనేది. మిషను మళ్ళీ మొదలయ్యేది. అట్లా విని విని అక్కకి నా పుస్తకాలన్నీ వచ్చేశాయి. పదో తరగతి పరీక్ష నేను రాశాను గానీ చదివింది ఇద్దరం.

"ఏరా, మొహం అట్లా పీక్కుపోయింది? తిని ఎన్నాళ్ళయింది?" అంది.

అప్పుడు చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, నోట్లోంచి వచ్చేసింది. "అక్కా, నేనూ పరీక్ష చేయించుకున్నాను. రక్తం గ్రూపు కలవలేదు" అన్నాను.

మిషను ఆగింది. ఒక్క క్షణమే. "సరేలే" అంది. మళ్ళీ తొక్కింది.

తర్వాత లేచి గుడ్డు వేయించి పెట్టింది. నేను తింటుంటే, "ఆ మెడలో తాడేంట్రా, పీలికలైపోయింది. మాస్టారివా, బిచ్చగాడివా? ఇటివ్వు" అని నా బడి కార్డు తీసుకుంది. చిరిగినచోట రెండు వరసలు కుట్టు వేసి, నేను చేతులు కడుక్కునేసరికి మెడలో వేసింది. చిన్నప్పుడు బడి సంచి తగిలించినట్టే తగిలించింది.

ఆగస్టు 3

రక్తం కలవడమంటే గ్రూపు ఒక్కటే కాదు. ఇంకా బోలెడు చూస్తారు. వాటిలో ఏదో ఒకటి కలవకపోవచ్చు. కాబట్టి నేను చెప్పింది పూర్తిగా అబద్ధమని అనలేం.

ఆగస్టు 5

మా ఆవిడకి అక్క ఫోన్ చేసిందట. నా గురించే. "వాడికి గ్రూపు కలవలేదట. పైకి చెప్పడు గానీ లోపల కుమిలిపోతుంటాడు. నువ్వేమీ అనకు తల్లీ, నాలుగు రోజులు కాస్త కనిపెట్టుకుని ఉండు" అని చెప్పిందట.

మా ఆవిడ ఈ మాటలన్నీ నాకు చెప్పి, చెంచా కింద పెట్టి, "మీ బడి కార్డు టైపు చేసింది ఎవరు?" అని అడిగింది.

నేను కంచంలో అన్నం కెలికాను.

"మీది ఓ గ్రూపు. నేనే కొట్టాను, పెద్ద అక్షరంతో. ఓ గ్రూపు వాళ్ళు ఎవరికైనా ఇవ్వొచ్చని ఏటా గోడకి చార్టు తగిలించేది మీరు. ఆ చార్టుకి మేకులు కొట్టేది నేను."

"అది కాదే..."

"ఇవ్వకపోతే ఇవ్వనని చెప్పండి. అది మీ ఒళ్ళు, మీ ఇష్టం. నేను ఒక్క మాట అనను. కానీ ఆవిడ మిమ్మల్ని ఓదార్చమని నాకు ఫోన్ చేసిందండీ." అంతే, లేచి వెళ్ళిపోయింది.

అక్కకి చెప్పొద్దని బతిమాలాను. "చెప్పను. చెప్పాల్సింది నేను కాదుగా" అంది.

ఆగస్టు 7

మా ఆవిడ మాట్లాడటం లేదు. "టీ", "గొడుగు", "గ్యాసు అయిపోయింది". మొత్తం ఇవే.

ఆగస్టు 12

పాఠం: భూకంపాలు.

పరికరాలు: రెండు చెక్క పలకలు, మధ్యలో గరుకు కాగితం.

రెండు పలకల్నీ ఆనించి నెట్టమన్నాను. కదలవు. ఇంకా నెట్టమన్నాను. ఉన్నట్టుండి జారాయి, నెడుతున్న ఇద్దరూ బెంచీ మీద బోర్లా పడ్డారు. తరగతంతా ఒకటే నవ్వు. ఇరుక్కుని ఉన్నంతసేపూ పైకి ఏమీ జరగనట్టే ఉంటుంది, లోపల మాత్రం బరువు పెరుగుతూనే ఉంటుంది అని చెప్పాను. బాగా చెప్పాను. ఇరవై ఏళ్ళ అనుభవం ఊరికే పోదు.

ఆగస్టు 14

రాయకుండా దాటేద్దామనుకున్నాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా దాక్కోవడమేమిటి?

అమ్మని చేర్చిన ఆస్పత్రిలో రెండు రెక్కల తలుపు ఉండేది. మధ్యలో గుండ్రటి అద్దాలు. అమ్మకి కడుపులో చిన్న గడ్డ ఉందన్నారు, గంటలో అయిపోతుందన్నారు. మంచం తోసుకుంటూ తీసుకెళ్ళారు. రెక్కలు రెండుసార్లు ఊగి ఆగిపోయాయి. నేను అద్దం అందుకోలేక ఎగురుతుంటే అక్క నన్ను ఎత్తుకుని చూపించింది. లోపల ఏమీ కనిపించలేదు, పచ్చ గోడ తప్ప. అమ్మ అటునుంచి రాలేదు.

నాకు సూదంటే భయమని అందరికీ తెలుసు. కప్ప గుండె కోసి చూపిస్తాను, నా వేలిమీద రక్తపు చుక్క చూస్తే కళ్ళు తిరుగుతాయి. బళ్ళో ఇదో పెద్ద జోకు. కానీ నా భయం సూది కాదు. నాకు భయం ఆ తలుపు.

ఈ ముక్క అక్కతో ఒక్కసారీ అనలేదు. ముప్ఫై తొమ్మిదేళ్ళయింది.

ఆగస్టు 19

పాఠం: నీటి వడపోత.

ప్రశ్నల పిల్ల ఇంటిదగ్గర చేసుకుని తెచ్చింది. కోసిన ప్లాస్టిక్ సీసా, అడుగున దూది, దానిపైన బొగ్గు, ఇసుక, గులకరాళ్ళు. పైనుంచి బురదనీళ్ళు పోస్తే కింద తేటగా చుక్కలు పడ్డాయి. చప్పట్లు కొట్టించాను. మూడో గ్లాసు పోసేసరికి చుక్క పడటం మానేసింది. నీళ్ళు పైనే నిలబడిపోయాయి.

"ఇసుక నిండా బురద పేరుకుపోయింది సార్. ఇప్పుడేం చెయ్యాలి?"

"కొత్త ఇసుక వెయ్యాలి" అన్నాను.

"కొత్త ఇసుక లేకపోతే?"

గంట కొట్టారు. బతికించారు.

ఆగస్టు 23

అక్కకి యంత్రం పడటం లేదు. ఇవాళ సగంలో రక్తపోటు పడిపోయి స్పృహ తప్పింది. ఇట్లా ఎక్కువ రోజులు లాగడం కష్టమని డాక్టరు బావని పక్కకి పిలిచి చెప్పాడు. బావ నాకు చెప్పాడు, తాళం మాట ఒక్కటీ లేకుండా.

ఇంటికి తీసుకొచ్చాం. సూదులు గుచ్చే చేత్తో బరువు ఎత్తకూడదట, కుట్టకూడదట. మిషను మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

అక్క పడుకునే, "నీకు రెండు చొక్కాలు కత్తిరించి పెట్టాను, కుట్టలేకపోయాను. ఎవరిచేతైనా కుట్టించుకో" అంది.

ఆగస్టు 26

పాఠం: రక్తం గ్రూపులు. ఎనిమిదో తరగతి.

పరికరాలు: చార్టు. (మేకులు ఈసారి నేనే కొట్టాను. బొటనవేలు నల్లబడింది.)

ఓ గ్రూపు దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త తగ్గించినట్టున్నాను. ప్రశ్నల పిల్ల చెయ్యెత్తలేదు, నేరుగా లేచి నా ఛాతీ మీదకి వేలు చూపించింది. "సార్, మీ కార్డు మీద ఓ అని ఉంది! అయితే మీరు ఎవరికైనా ఇవ్వొచ్చు!"

తరగతంతా చప్పట్లు. నాకేదో బహుమతి వచ్చినట్టు.

నవ్వి, కార్డు చేత్తో పట్టుకుని చూసుకున్నాను. ఓ. పెద్ద అక్షరం. అప్పుడు తాడు మీద కళ్ళు పడ్డాయి. రెండు వరసల కుట్టు. సన్నగా, ఒక్క పోగు కూడా పక్కకి పోకుండా. అది కుట్టేటప్పుడు కార్డు ఎక్కడుంటుంది? ఆమె ఒళ్ళో. నా పుస్తకాలు ఉండేచోట.

చేతిలో సుద్దముక్క విరిగింది.

ఆ రోజే చూసింది. ఓ గ్రూపు అంటే ఏమిటో అక్కకి నేర్పింది నేనే, ఆ మిషను పక్కన పీట మీద కూర్చుని. చూసి కూడా, తాడు కుట్టి, మెడలో వేసి, తర్వాత మా ఆవిడకి ఫోన్ చేసి వాణ్ణి ఏమీ అనకు అంది.

మిగతా గంట ఏం చెప్పానో గుర్తులేదు. బొమ్మ గీయమని చెప్పి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

ఆగస్టు 27

సెలవు చీటీ రాసి మా ఆవిడ బల్ల మీద పెట్టాను. కారణం దగ్గర "రక్త పరీక్ష" అని రాశాను. చదివింది. ముద్ర వేసి, తనూ ఇంకో సెలవు చీటీ రాసుకుని దానిమీదా ముద్ర వేసి, సంచి తీసుకుని లేచింది.

ఏడు గొట్టాల రక్తం తీశారు. మూడోదానికి కళ్ళు తిరిగాయి. లేచి చూసేసరికి మా ఆవిడ ఒళ్ళో తల, మొహం మీద తడి రుమాలు. "లేవండి బొమ్మ సార్, ఇంకా నాలుగున్నాయి" అంది. ఇరవై రోజుల తర్వాత ఆమె నాతో అన్న పూర్తి వాక్యం అదే. ఎంత బాగుందో.

ఆగస్టు 30

అన్నీ కలిశాయి. గ్రూపు, తర్వాతవి, ఆ బోలెడు కూడా.

కాగితం పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. పడుకుని ఉంది. పీట వెతికితే కనపడలేదు, కిందే కూర్చున్నాను. "అక్కా, ఆ రోజు అబద్ధం చెప్పాను" అన్నాను.

"ఊఁ" అంది.

"నీకు తెలుసా?"

"తాడు కుట్టేదాన్ని కార్డు చూడకుండా ఎట్లా కుడతాన్రా?"

"మరి అడగలేదే? నాలుగు తిట్టొచ్చుగా! చెంప పగలగొట్టొచ్చుగా!" నాకు ఏడుపొచ్చేసింది. నలభై అయిదేళ్ళవాణ్ణి, ముక్కు కారుతోంది.

అక్క దుప్పటి అంచుతోనే తుడిచింది. "నీకు పాఠం రానప్పుడు ఎప్పుడైనా కొట్టానా? ఆ తలుపు దగ్గర నిన్ను ఎత్తుకున్నది నేనే కదరా. నువ్వెంత వణికావో నా ఒంటికి తెలుసు. నీకు భయమని నాకు ఒకళ్ళు చెప్పాలా?" అంది. కాసేపు ఊపిరి తీసుకుంది. "రేపు చెబుతావులే అనుకున్నా."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే నా తమ్ముడు కాకుండా పోతావా? పిచ్చి వెధవా."

కాగితం ఇచ్చాను. అద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది, కింద సంతకంతో సహా. చదివి, వద్దంది. గట్టిగా వద్దంది. "నీకేమైనా అయితే మీ ఆవిడకి నేనేం చెప్పను? యంత్రం మీద ఉన్నన్నాళ్ళు ఉంటా" అని గోడవైపు తిరిగింది.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. "అంటే ఏంటి, పెద్దాయనకి కొలతలు తీసి మరీ ఇచ్చావు. నాకు ఎవరికీ ఇచ్చే హక్కు లేదా? నీకు వద్దంటే చెప్పు, బజార్లో నిలబడి ఎవరికి కావాలో అడుగుతా!" అని అరిచాను.

బావ పక్కనే ఉన్న తాళాల కొట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. అక్క గోడవైపు తిరిగే నవ్వుతోంది, భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో మరి. తిరిగి నా వైపు చూసేసరికి రెండూ ఉన్నాయి.

"సరేలే" అంది.

సెప్టెంబర్ 16

ఇంకా పరీక్షలు. నాలోపల ఉన్నవన్నీ ఫోటోలు తీశారు. పెద్దాయన బాధ ఇప్పుడు తెలిసింది.

ఎడమది తీస్తారట. కుడిదానికంటే రక్తనాళం పొడుగ్గా ఉంటుంది, అతకడం తేలికట. "పెద్దాయనకి పోయింది కూడా ఎడమదే" అన్నాను డాక్టరుతో. ఆయన, పెద్దాయనంటే మా కుటుంబంలో ఎవరో పెద్దమనిషి అనుకుని, "అయ్యో, ఎలా పోయింది?" అని రాసుకోబోయాడు.

బావ అడిగాడు, "మరి ఆవిడ పాతవి తీసి పారేస్తారా?" అని. తియ్యరట. అవి ఎక్కడివక్కడే ఉంటాయి, కొత్తది ముందువైపు పొత్తికడుపులో పెడతారట. "ఓహో, పాత తాళం ఊడదియ్యకుండా ఇంకో గొళ్ళెం బిగిస్తారన్నమాట" అన్నాడు బావ. తాళాలు తిరిగొచ్చాయి. మనిషి కుదుటపడ్డాడు.

అక్టోబర్ 10

ఆస్పత్రిలో ముగ్గురు పెద్దల ముందు కూర్చోబెట్టారు. ఇష్టపడే ఇస్తున్నానా లేదా అని తేల్చుకోవాలట.

"మీ మీద ఎవరైనా ఒత్తిడి తెచ్చారా?" అన్నారు.

"లేదండీ. తేలేదనే నా ఏడుపంతా" అన్నాను.

"మూత్రపిండం తీశాక ఏం జరుగుతుందో మీకు తెలుసా?" అన్నారు. ఇక చూడాలి. ఎప్పుడు లేచానో తెలియదు, వాళ్ళ క్యాలెండరు వెనక బొమ్మ గీసేశాను, భాగాలు గుర్తించేశాను. చివర్లో అలవాటు కొద్దీ, "ఏమైనా అనుమానాలుంటే చేతులెత్తండి" అన్నాను. ముగ్గురిలో పెద్దావిడ నిజంగానే చెయ్యెత్తింది.

ఒప్పుకున్నారు. క్యాలెండరు ఉంచుకున్నారు.

అక్టోబర్ 31

పెద్దాయనని నేను వచ్చేదాకా చూసుకోమని ప్రశ్నల పిల్లకి అప్పగించాను. బీరువా తాళంచెవి ఇచ్చాను.

"ఎక్కడికెళ్తున్నారు సార్?"

చెప్పాను. దాచడానికేముంది. ఆ పిల్ల మొదటిసారి ప్రశ్న అడగలేదు. చాలాసేపు నా నడుము వైపు చూసి, "హాయిగా బతుకుతారు సార్. మీరే చెప్పారు" అంది.

నవంబర్ 3, పొద్దున ఆరు

ఇంకో గంటలో తీసుకెళ్తారు. మా ఆవిడ ఈ పుస్తకం సంచిలో పెట్టుకొచ్చింది. ఎక్కడ దాచానో తెలుసన్నమాట. "చదివావా?" అన్నాను. "కాగితాలంటే నాకు మంట" అంది. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

రాత వంకరపోతోంది. కింద అంతస్తులో ఉందట ఆ గది. తలుపు ఎట్లా ఉంటుందో అడగలేదు.

నవంబర్ 4

ఎడమచేతికి సెలైను గొట్టం ఉంది, కుడిచేత్తో మెల్లగా రాస్తున్నాను. మొదలుపెట్టి గంటయింది, ఆగి ఆగి.

రెండు రెక్కల తలుపే. గుండ్రటి అద్దాలు కూడా ఉన్నాయి. లోకంలో ఇంకోరకం తలుపులు చెయ్యరు కాబోలు.

ఇద్దరినీ పక్కపక్క మంచాల మీద తోసుకొచ్చారు. ముందు నేను వెళ్ళాలి. తలుపు చూసేసరికి లేచి కూర్చోబోయాను. నర్సు భుజం పట్టుకుంది. అప్పుడు పక్క మంచం మీంచి అక్క చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఏరా, పాఠం వచ్చా?" అంది.

"అక్కా..."

"అప్పజెప్పు. మొదట్నుంచి."

తోసేవాళ్ళు ఆగారు. నేను పైకప్పు చూస్తూ మొదలుపెట్టాను. మన శరీరంలో రెండు మూత్రపిండాలు ఉంటాయి. ఇవి చిక్కుడు గింజ ఆకారంలో, ముదురు ఎరుపు రంగులో ఉంటాయి. వెన్నెముకకు ఇరువైపులా అమరి ఉంటాయి. కుడి మూత్రపిండం ఎడమదానికంటే కొంచెం కిందికి ఉంటుంది. ఎందుకంటే...

ఆగిపోయాను. ఎనిమిదో తరగతిలో కూడా సరిగ్గా అక్కడే ఆగేవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి చెబుతున్న ముక్క, ఒక్కటంటే ఒక్క మాట రాలేదు. ఎందుకంటే, ఎందుకంటే అంటూ ఉండిపోయాను.

అక్క నా చేతిమీద రెండుసార్లు తట్టింది. "సరేలే. మిగతాది రేపు చెబుదువుగాని" అంది.

రేపు. అంత మామూలుగా అంది. చొక్కాకి గుండీలు రేపు కుడతానన్నట్టు. నేను తల ఊపాను. తలుపు తెరుచుకుంది. పచ్చ గోడ కాదు, తెల్ల గోడ.

ఇవాళ పొద్దున కళ్ళు బాగా తెరిచేసరికి బావ వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరికి తిరుగుతూ కనిపించినవాళ్ళందరికీ చెబుతున్నాడు, "మూడు లీటర్లు! మూడు లీటర్లు పోసింది!" అని. ఒక మనిషి మూత్రం గురించి ఇంతమంది ఇంత సంబరపడటం నేను చూడలేదు. నర్సులు నవ్వుతున్నారు. మా ఆవిడ నా పాదాలు పట్టుకుని కూర్చుని ఏడుస్తోంది, లీటర్ల లెక్క విన్నప్పుడల్లా ఇంకాస్త.

అక్కని వేరే గదిలో ఉంచారు, ఎవర్నీ పోనివ్వరు. మధ్యాహ్నం నర్సు ఫోన్ కలిపి ఇచ్చింది.

అటునుంచి నీరసంగా, "ఊఁ, చెప్పు" అంది అక్క. బాగున్నావా లేదు, నొప్పా లేదు.

"ఎందుకంటే దాని పైన కాలేయం ఉంటుంది" అన్నాను.

"హమ్మయ్య. ఇంత చిన్న ముక్కకి ఇన్నేళ్ళా?" అంది. ఆమె ఊపిరి వినిపిస్తోంది, తేలిగ్గా. "ఏదీ, మొత్తం ఒకసారి చెప్పు" అంది.

"మన శరీరంలో రెండు మూత్రపిండాలు ఉంటాయి..."

"తప్పు."

"తప్పేంటక్కా? పుస్తకంలో అట్లాగే ఉంది!"

"పుస్తకం సంగతి నాకు తెలీదు. నాకు మూడున్నాయి, నీకొకటి ఉంది. మళ్ళీ చెప్పు."

నవ్వితే కుట్లు లాగుతున్నాయి. పొట్ట చేత్తో పట్టుకుని, మొదట్నుంచి చెప్పాను.